ఫిషర్‌కు కోతా, బొటాక్సా?

మలద్వారం దగ్గర చీలిక (ఫిషర్) నెలల తరబడి మానకపోతే, లోపలి కండరాన్ని కొద్దిగా కోసే ఆపరేషన్ చేస్తారు, లేదా బొటాక్స్ ఇంజెక్షన్ ఇస్తారు. రెండింటి పనీ ఒకటే: బిగుసుకున్న కండరాన్ని సడలించి, పుండుకు రక్తం బాగా అందేలా చేయడం.

ఏళ్ల తర్వాత చూస్తే ఆపరేషన్‌దే పైచేయి. 100 మందిలో సుమారు 90 మందికి పైగా మానిపోతుంది, తిరగబెట్టడం తక్కువ. కానీ కోసిన కండరం పూర్తిగా మునుపటిలా అవదు. కొందరికి గ్యాస్ ఆపుకోవడం కష్టమవుతుంది, లోదుస్తులకు మరకలు అంటుతాయి. సిగ్గుపడి ఇది డాక్టర్‌కు చెప్పనివాళ్లూ ఉంటారు.

బొటాక్స్ ప్రభావం సుమారు 3 నెలలు. గ్యాస్, మలం ఆపుకునే పట్టు తప్పినా సాధారణంగా తాత్కాలికమే. చీలిక మాత్రం మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. అయినా కాన్పులో కండరం దెబ్బతిన్న స్త్రీలకు ముందు ఇదే నయమనిపిస్తుంది.