కొచ్చి, అలెప్పీ, కోజికోడ్: తినడానికి వచ్చినవాళ్ళే పక్కవాడికీ పెట్టిస్తున్న హోటళ్ళు

మా అత్తయ్య గుంటూరు కొత్తపేటలో, ఆస్పత్రుల మధ్య, చాలా ఏళ్ళు మెస్ నడిపారు. పెద్దాస్పత్రిలో పేషెంట్ల వెంట పల్లెల నుంచి వచ్చినవాళ్ళు మధ్యాహ్నం పూట గుమ్మం దగ్గర నిలబడి, ప్లేటు మీల్స్ ఎంత అని అడిగి, రేటు విని వెనక్కి వెళ్ళిపోవడం ఆవిడ రోజూ చూశారు. 2018లో అన్న క్యాంటీన్లు వచ్చి 5 రూపాయలకే భోజనం పెడుతుంటే ఆవిడకు ప్రాణం లేచి వచ్చింది. మరుసటి ఏడు ప్రభుత్వం మారింది, క్యాంటీన్లు మూతపడ్డాయి. ఆ బాధలో ఉండగానే కేరళలోని కోజికోడ్ హోటళ్ళలో ఎవరైనా కూపన్ ఇచ్చి కడుపునిండా తినొచ్చని, ఆ డబ్బు అక్కడ భోంచేసేవాళ్ళే డబ్బాలో వేస్తారని ఎక్కడో చదివారు. "అమ్మాయ్, ఇది ఎలా నడుస్తుందో కళ్ళారా చూడాలి" అన్నారు. 2019 డిసెంబరులో ఆవిడ, మా ఆయన, నేను బయల్దేరాం. అటు వెళుతున్నాం కదా అని ఇలాంటివే మరో రెండు చోట్లు కూడా కలుపుకున్నాం.

గుంటూరు నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ నేరుగా ఎర్నాకుళం టౌన్‌లో దింపుతుంది. దాన్ని అక్కడివాళ్ళు నార్త్ స్టేషన్ అంటారు. కానీ డిసెంబరంటే శబరిమల సీజన్, రైలు నిండా స్వాములే. టికెట్లు చాలా ముందు చేసుకోవాలి. స్టేషన్ దగ్గర లాడ్జీల రేట్లు కూడా ఆ నెలల్లో పెరుగుతాయి. మేం దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది గానీ వేడినీళ్ళు పొద్దున కాసేపే వస్తాయని డబ్బు కట్టాక చెప్పారు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఆ సంగతి ముందే అడగండి.

నార్త్ నుంచి మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే కలూర్. అక్కడ పప్పడవడ అనే హోటల్ ముందు, ఫుట్‌పాత్ వైపు, ఒక పెద్ద ఫ్రిజ్ ఉండేది. 420 లీటర్లది. పేరు నన్మ మరం, అంటే మంచితనపు చెట్టు. ఒకావిడ రాత్రిపూట చెత్తడబ్బాలో తిండి వెతుక్కోవడం చూసి, హోటల్ యజమాని మిను పౌలీన్ 2016 మార్చిలో దీన్ని పెట్టించారు. హోటల్లో మిగిలినవి పొట్లాలు కట్టి లోపల పెట్టేవారు. తినడానికి వచ్చినవాళ్ళు ఒక పార్సెల్ ఎక్కువ కట్టించుకుని పెట్టి వెళ్ళేవారు, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కూడా తెచ్చేవారు. తాళం లేదు. ఏ వేళకైనా తలుపు తీసి తీసుకునేవారు. పొట్లం మీద తేదీ రాయాలన్నది ఒక్కటే నియమం.

మేం రాత్రి భోజనాలయ్యాక వెళ్ళాం. లోపల ఐదారు పొట్లాలున్నాయి. అత్తయ్య తలుపు తీసి ముందు తేదీలు చూశారు, తర్వాత అరచెయ్యి లోపల పెట్టి చల్లదనం చూశారు. హోటల్ నడిపినవాళ్ళ అలవాటు అది. మేమూ చపాతీ, కూర పార్సెల్ కట్టించి పెట్టాం. మేం అక్కడుండగానే సెక్యూరిటీ డ్యూటీ బట్టల్లో ఉన్న ఒకాయన వచ్చి ఒక పొట్లం తీసుకుని, ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయాడు. పనిచేసుకుంటున్న మనిషే. నెలాఖరు కావచ్చు, ఇంటికి డబ్బు పంపేసి ఉండొచ్చు. ఆకలి బిచ్చగాళ్ళ సంగతి మాత్రమే అనుకుంటాం గానీ, జీతం అందుకునేవాళ్ళకు కూడా ఆ పూటకు జేబులో ఏమీ లేని రోజులుంటాయి. రాత్రి పదకొండింటికి ఏ క్యాంటీన్ తెరిచి ఉంటుంది? అందుకని ఆ ఫ్రిజ్ విలువ చాలా పెద్దది.

అయినా నాకు ఒక వెలితి అనిపించింది. ఆ పొట్లం ఎక్కడ కూర్చుని తింటారు? చెయ్యి ఎక్కడ కడుక్కుంటారు? వేడి అన్నం, మారు వడ్డన ఫ్రిజ్ ఇవ్వలేదు. ఫోర్ట్ కొచ్చి, చైనా వలలు, మట్టాంచేరి అందరూ చూసేవే, బావున్నాయి, వాటి గురించి చాలామంది రాశారు కాబట్టి నేను రాయను.

అలెప్పీకి ఎర్నాకుళం నుంచి బస్సులో వెళ్ళాం. ఊరు ఇంకా కొద్ది దూరం ఉందనగా నేషనల్ హైవే మీద పాతిరప్పళ్ళి వస్తుంది. అక్కడే జనకీయ భక్షణశాల, అంటే ప్రజల భోజనశాల. అప్పటి కేరళ ఆర్థిక మంత్రి థామస్ ఐజాక్ చొరవతో 2018 మార్చిలో మొదలైంది. స్నేహజాలకం అనే పాలియేటివ్ సంస్థవాళ్ళు, అంటే నయంకాని జబ్బులతో ఉన్నవాళ్ళకు సేవ చేసేవాళ్ళు, నడుపుతున్నారు. మంచాన పడ్డవాళ్ళకు, దిక్కులేని ముసలివాళ్ళకు ఇళ్ళకే క్యారేజీలు పంపే పని వాళ్ళు అప్పటికే చేస్తున్నారు. ఆ వంటకు తోడుగా ఈ హోటల్ పెట్టారు. కావలసినంత తినండి, ఇవ్వగలిగినంత ఇవ్వండి అన్నది వాళ్ళ మాట. బిల్లు లేదు, గల్లాపెట్టె దగ్గర మనిషి లేడు. ఒక డబ్బా ఉంటుంది, అంతే.

సత్రం లాంటిది ఏదో ఉంటుందనుకున్నాం. మంచి హోటలే. శుభ్రమైన హాలు, ఆవిరితో వండే పెద్ద వంటగది, పక్కనే కూరగాయల మొక్కలు. మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం రద్దీ. కేరళ లావు ఎర్రబియ్యం అన్నం, సాంబారు, తోరన్ అనే కొబ్బరి వేపుడు, అవియల్ అనే కలగూర, అప్పడం, మజ్జిగ. గ్లాసుల్లో గులాబీ రంగు గోరువెచ్చటి నీళ్ళు పోశారు. అది పతిముఖం చెక్క వేసి కాచిన నీళ్ళు, భయపడకుండా తాగొచ్చు. ఎర్ర అన్నం మా ఆయనకు ఎక్కలేదు. అత్తయ్య మాత్రం రెండోసారి పెట్టించుకున్నారు.

మా బల్ల మీద మాకెదురుగా కారులో వచ్చిన కుటుంబం ఒకటి, చివర్లో మాసిన పంచె కట్టుకున్న ముసలాయన. ఇద్దరికీ అదే గిన్నెలోంచి అదే గరిటెతో వడ్డించారు. ముసలాయన మారు అన్నం అడిగాడు, మళ్ళీ అడిగాడు, వడ్డించేవాళ్ళ చెయ్యి ఒక్కసారి కూడా వెనక్కి పోలేదు. తినడం అయ్యాక ఆయన చెయ్యి కడుక్కుని, పంచెతోనే తుడుచుకుని, డబ్బా పక్క నుంచే బయటికి నడిచాడు. ఒక్క తల కూడా అటు తిరగలేదు. కారువాళ్ళు డబ్బాలో నోటు వేశారు, ఎంతో తెలియదు, దాన్నీ ఎవరూ చూడలేదు. అత్తయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మనం ఎంత దయగా పెట్టినా పెడుతున్నట్టు అవతలివాడికి తెలిసిపోతుంది. ఇక్కడ తెలియడం లేదు" అన్నారు. మెస్ నడిపిన రోజుల్లో ఆవిడ చాలామందికి ఊరికే అన్నం పెట్టారు. అయినా వాళ్ళు వెనక గుమ్మం వైపే వచ్చేవారట. ఎంత చెప్పినా ముందు నుంచి వచ్చి బల్ల దగ్గర కూర్చునేవారు కాదట.

బస దగ్గర్లోని మారారిక్కుళంలో, ఒక హోమ్‌స్టేలో. అలెప్పీ ఊళ్ళో లాడ్జీల కంటే నాకు ఇదే నచ్చింది. బీచ్ ప్రశాంతంగా ఉంటుంది, ఇంటావిడ పొద్దున పుట్టు, శనగల కూర పెట్టింది. దోమలు మాత్రం ఎక్కువ. ఇక హౌస్‌బోటు. ఒక ఏజెంటు జెట్టీలో మాతో ఒక రేటు మాట్లాడి, ఎక్కబోయే ముందు ఏసీకి వేరే అన్నాడు. వద్దనుకుని, రాష్ట్ర జలరవాణా శాఖవారి మామూలు బోటు ఎక్కాం. టికెట్టు పదుల్లోనే. బడిపిల్లలు, చేపల బుట్టలవాళ్ళు, ఆఫీసుకెళ్ళేవాళ్ళు అందరూ ఎక్కి దిగే బోటు. కుట్టనాడు వరిపొలాలు నీటిమట్టం కంటే కిందుగా ఉండడం, అంతకుముందు ఏడాది వరదల్లో మునిగిన ఇళ్ళ గోడల మీద నీటి చారలు ఆ బోటులోంచి బాగా కనబడ్డాయి. పిల్లల ముచ్చట కోసమైతే హౌస్‌బోటు సరే. కుట్టనాడు చూడాలంటే ఈ బోటే ఎక్కండి.

అలెప్పీలో కణ్ణూరు ఎగ్జిక్యూటివ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రికి కోజికోడ్‌లో దిగుతారు. మేం మానాంచిర చెరువు దగ్గర ఉన్నాం. మిఠాయి తెరువు అనే బజారు అక్కడికి నడక దూరం, రాత్రి వరకూ సందడి, రంగురంగుల హల్వాలు. పెద్దవాళ్ళతో వెళితే బీచ్ దగ్గరకంటే ఈ వైపు బస తేలిక.

అసలు పని కోసం మరుసటి మధ్యాహ్నం బయల్దేరాం. ఆపరేషన్ సులైమాని 2015లో మొదలైంది. సులైమాని అంటే మలబారు వైపు బిర్యానీ తిన్నాక తాగే నిమ్మరసపు టీ. అప్పటి కలెక్టర్ ఎన్. ప్రశాంత్, హోటల్ యజమానుల సంఘం కలిసి పెట్టిన పథకం ఇది. ఆకలితో ఉన్నవాళ్ళు విలేజ్ ఆఫీసు లాంటి చోట్ల కూపన్ తీసుకునేవారు. ఎందుకు, ఏమిటి అని అడిగేవారు కాదు. రేషన్ కార్డు చూపించే పనిలేదు. పథకంలో ఉన్న ఏ హోటల్‌కైనా వెళ్ళి కూపన్ ఇచ్చి భోంచేసేవారు. గల్లా దగ్గర సులైమాని డబ్బా ఉండేది. తిని బిల్లు కట్టినవాళ్ళు మిగిలిన చిల్లరో, ఇంకొంచెమో అందులో వేసేవారు. ఆ డబ్బే తిరిగి కూపన్లయ్యేది.

మేం వెళ్ళింది స్టేషన్ వైపున్న ఒక మామూలు శాకాహార హోటల్‌కి. డబ్బా ప్లాస్టిక్‌ది. లోపల పది రూపాయల నోట్లు, నాణేలు, మధ్యలో ఒక ఐదొందల నోటు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయనకు కాస్త తమిళం వచ్చు, అత్తయ్యకూ వచ్చు. ఇద్దరికీ మాట కలిసింది. కూపన్లతో రోజూ వస్తారా అని ఆవిడ అడిగితే కొందరు వస్తారు, రోజూ ఒకరే కాదు అన్నాడు. కూపన్‌వాళ్ళకు వేరే భోజనం ఉంటుందా అని అడిగితే ఆయనకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. రెండోసారి అడిగాక అరిటాకుల కట్ట వైపు చూపించాడు. అదే ఆకు, అదే భోజనం.

బిర్యానీ గురించి చెప్పకుండా కోజికోడ్ వదలలేం. సన్నగా పొట్టిగా ఉండే జీరకశాల బియ్యంతో చేస్తారు, కారం తక్కువ. మన హైదరాబాద్ బిర్యానీ అలవాటున్నవాళ్ళకు మొదటి ముద్ద చప్పగా ఉంటుంది, నాలుగో ముద్దకు నచ్చుతుంది. బేపూరులో ఉరు అనే పెద్ద చెక్క ఓడలు కడతారు, ఒక పూట ఉంటే అదీ చూడండి. తిరుగు ప్రయాణానికి మంగళూరు వైపు నుంచి కాచిగూడ వెళ్ళే రైలుంది గానీ రోజూ ఉండదు. తేదీలు చూసుకుని మిగతా ప్లాన్ వేసుకోవాలి.

మూడింట్లో నా మనసు అలెప్పీ దగ్గరే ఉండిపోయింది. అయితే అలాంటిది పెట్టాలంటే స్థలం, భవనం, వంటగది, నమ్మకంగా పనిచేసే ఒక బృందం కావాలి. వెనక ఒక మంత్రి కూడా నిలబడ్డాడు. ప్రతి ఊరికీ అంత దొరకదు. కొచ్చి ఫ్రిజ్ ఒక్క మనిషి పూనుకుంటే వస్తుంది గానీ, దాన్ని రోజూ కనిపెట్టుకుని ఉండాలి. మన ఎండల్లో, మన కరెంటు కోతల్లో ఒక్క పొట్లం పాడైనా ప్రాణాల మీదికి వస్తుంది. కోజికోడ్ పద్ధతికి కొత్తగా ఏదీ కట్టక్కర్లేదు. హోటళ్ళు ఉన్నవే, వంట రోజూ అయ్యేదే, తినేవాళ్ళు వచ్చేవాళ్ళే. అన్నిటికంటే నాకు ముఖ్యంగా తోచింది, కూపన్ పట్టుకున్న మనిషి ఏ హోటల్‌కి వెళ్ళాలో తనే ఎంచుకుంటాడు. పేదవాడికి పెట్టిన చోట తినడమే తప్ప, నచ్చిన చోట తినే వీలు ఇంకెక్కడుంది?

ఇది కోవిడ్‌కు ముందు సంగతి. ఇప్పుడు వెళ్ళేవాళ్ళు ఈ మూడు చోట్లా ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి. కోవిడ్ ఏడాదిలో కేరళ ప్రభుత్వం కుటుంబశ్రీ అనే పొదుపు సంఘాల మహిళలతో ఊరూరా జనకీయ హోటళ్ళు పెట్టించి 20 రూపాయలకు భోజనం ఇచ్చింది. 2023లో సబ్సిడీ ఆపేశాక రేటు 30 అయింది. మన అన్న క్యాంటీన్లు 2024 ఆగస్టులో మళ్ళీ తెరుచుకున్నాయి. చాలా సంతోషం. కానీ మధ్యలో పోయిన ఐదేళ్ళు పెద్దాస్పత్రి ముందు నిలబడ్డవాళ్ళకు ఎవరు తిరిగిస్తారు? ప్రభుత్వం పెట్టేది ఎలాగూ ఉండాలి. దాని పక్కన, ఎవరు గెలిచినా ఆగని ఇలాంటి డబ్బా ఒకటి హోటళ్ళలో కూడా ఉండాలని మా అత్తయ్య వాదన, నాదీ అదే.

తిరుగు రైల్లో ఆవిడ టికెట్ వెనకాల లెక్క వేశారు. కోజికోడ్‌లో కూపన్లిచ్చేది విలేజ్ ఆఫీసులు. మనకు ఆ అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు కొత్తగా వచ్చాయి, నడక దూరంలో ఒకటుంది. ఆస్పత్రిలోనే ఒక బల్ల వేసి ఇస్తే ఇంకా మంచిది. గుంటూరులో పది హోటళ్ళు ఒప్పుకున్నా చాలు. డబ్బాల డబ్బు ఎవరు లెక్కపెట్టాలి, హోటళ్ళకు వారానికా, నెలకా, ఎప్పుడు సర్దాలి అన్న దగ్గర మా ఆయనకూ ఆవిడకూ కాట్పాడి దాకా వాదన నడిచింది. వారానికే ఇవ్వాలని ఆవిడ పట్టు. చిన్న హోటల్‌వాడికి కూరగాయల బాకీ నెలదాకా ఆగదు, డబ్బు ఆలస్యమైతే ముందు కూపన్‌వాడి ఆకులోనే కూర తగ్గుతుంది అన్నారు.