ఒకే సముద్రం, రెండు న్యాయవేదికలు

బంగాళాఖాతంలో హద్దు తేల్చమంటూ 2009 అక్టోబరులో బంగ్లాదేశ్ భారత్, మయన్మార్ రెండింటి మీదా మధ్యవర్తిత్వ కేసులు వేసింది. మయన్మార్ కేసు ఆ డిసెంబరులోనే జర్మనీలో హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానానికి మారింది. మనది మధ్యవర్తుల దగ్గరే ఉండిపోయింది.

హాంబర్గ్‌ది శాశ్వత కోర్టు. 21 మంది జడ్జీలు ముందే ఎన్నికై ఉంటారు, ఖర్చూ సభ్యదేశాల చందాలతో నడుస్తుంది. తీర్పు 2012 మార్చి 14న వచ్చేసింది.

మధ్యవర్తిత్వంలో అసలు బెంచీనే కొత్తగా కట్టుకోవాలి. ఐదుగురిలో ఒక్కో దేశం ఒక్కరిని ఎంచుకుంటుంది. మిగతా ముగ్గురి మీద రాజీ కుదరకపోతే సముద్ర న్యాయస్థానం అధ్యక్షుడు వేస్తాడు. ఫీజులు దేశాలే కట్టుకోవాలి. భారత్ ఎంచుకున్నది పెమ్మరాజు శ్రీనివాసరావుగారిని. ఆ పేరు చూస్తే తెలుగువాడిగా నాకు గర్వంగా ఉంటుంది. హద్దు గీత విషయంలో ఆయన మిగతావారితో విభేదించి తన అభిప్రాయం విడిగా రాశారు.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. 2013 అక్టోబరులో మధ్యవర్తులు స్వయంగా ఆ తీరానికి వచ్చి చూశారు. మ్యాపుల మీద కొట్లాడుకునే చోట ఇది చాలా పెద్ద విషయం. 2014 జులై 7న తీర్పు వచ్చింది: వివాదంలో ఉన్న సుమారు 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కే. రెండు దేశాలూ తమదన్న చిన్న న్యూమూర్ దీవి ఉన్న చోటు మాత్రం మనవైపు పడింది, అప్పటికే అది నీళ్లలో మునిగిపోయింది.

రెండు చోట్లా అప్పీలు లేదు. తొందరగా తేలాలంటే నేను హాంబర్గ్‌కే ఓటేస్తాను.