16,000కు కొన్న పాత వుడ్ లేత్: ఆరు నెలల వాడకం తరువాత

విశాఖపట్నంలో పాత యంత్రాలు అమ్మే ఒక దుకాణంలో ఆరు నెలల క్రితం 16,000 రూపాయలకు ఒక వుడ్ లేత్ (కర్రను తిప్పుతూ ఉలితో గుండ్రంగా చెక్కే యంత్రం) కొన్నాను. దాని మీద కంపెనీ పేరు ఎక్కడా లేదు. మంచం కోళ్లు, మెట్ల రెయిలింగు కర్రలు తీసే ఫర్నిచర్ షాపుల్లో సాధారణంగా కనిపించే పోత ఇనుప బెడ్డు (మిగతా భాగాలన్నీ కూర్చునే అడుగు దిమ్మె) రకమే అది. కర్రను రెండు కొసలా పట్టే మొనలైన సెంటర్ల మధ్య 36 అంగుళాల కర్ర పడుతుంది, బెడ్డు మీద 12 అంగుళాల వ్యాసం తిరుగుతుంది, 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు, వేగం మార్చుకోవడానికి మూడు మెట్ల పుల్లీ ఉన్నాయి. కొనే రోజున కొత్తగా వేసిన ఆకుపచ్చ పెయింటు తళతళలాడుతుంటే మురిసిపోయాను కానీ, తరువాత నాకు పని పెట్టినవాటిలో ఆ పెయింటు కూడా ఒకటి.

మొదటి తగాదా మోటారుతో వచ్చింది. స్విచ్ వేస్తే మోటారు గుయ్యిమంటూ నిలబడేది తప్ప తిరిగేది కాదు. బెల్టు తీసేసి పుల్లీని చేత్తో ఒక్క తిప్పు తిప్పి స్విచ్ వేస్తే మాత్రం అందుకుని వేగంగా తిరిగేది. ఇలా తిరిగిందంటే నడిచే వైండింగు బాగానే ఉందనీ, లోపం మోటారును లేవదీసే భాగంలోనే ఉందనీ అర్థం. దుకాణదారుడు "కండెన్సర్ కొత్తదే వేశాం సార్" అన్న మాట నిజమే, కండెన్సర్ కొత్తదే. కానీ మోటారు వెనక మూత విప్పి చూస్తే సెంట్రిఫ్యూగల్ స్విచ్ (మోటారు వేగం అందుకోగానే స్టార్టింగ్ వైండింగును విడదీసే స్విచ్) పాయింట్ల మధ్య రంపపు పొట్టు గడ్డకట్టి, పాయింట్లు నల్లగా మాడి ఉన్నాయి. మోటార్ వైండింగ్ షాపులో వాటిని గీకి శుభ్రం చేసి, వైర్లు తిరిగి కలిపి 600 రూపాయలు తీసుకున్నారు. అక్కడ ఒక పొరపాటు జరిగింది: స్టార్టింగ్ వైండింగు రెండు కొసలు తారుమారై మోటారు ఎదురు దిక్కున తిరిగింది. నేను గమనించకుండా ఫేస్‌ప్లేట్ (చెక్కను పట్టి ఉంచే గుండ్రటి పళ్లెం) బిగించి స్విచ్ వేశాను. స్పిండిల్ (కర్రను తిప్పే ఇరుసు) మర కుడివైపు మర కాబట్టి, ఎదురు దిక్కున తిరిగేటప్పుడు ఉలి తగిలిన ప్రతిసారీ ప్లేటు కొంచెం కొంచెం వదులై, చివరికి చెక్కతో సహా ఊడి బెడ్డు మీద పడింది. కాలి మీద పడకపోవడం నా అదృష్టం. కర్ర పైనుంచి మన వైపుకు కిందకి దిగుతూ తిరగాలి; మోటారు విప్పించిన ప్రతిసారీ ఖాళీ స్పిండిల్‌తో ముందు ఆ దిక్కు చూసుకోవడం ఇప్పుడు నాకు అలవాటైంది.

తరువాతది అదురు. ఇందులో నేను తప్పు చేసి డబ్బు పోగొట్టుకున్నాను. యంత్రం నడుస్తుంటే బెడ్డంతా డబడబమని కొట్టుకునేది. ఆలోచించకుండా, స్పిండిల్ ఉండే హెడ్‌స్టాక్ విప్పి రెండు బేరింగులూ మార్పించాను, 700 రూపాయలు అయ్యాయి, అదురు మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు. అప్పుడు కూర్చుని చప్పుడు విన్నాను. మోటారు నిమిషానికి సుమారు 1,440 చుట్లు తిరుగుతుంది. చిన్న మెట్టు మీద 3 అంగుళాల పుల్లీ నుంచి 5 అంగుళాల పుల్లీకి వేస్తే స్పిండిల్ 864 చుట్లు, అంటే సెకనుకు 14 పైన. లోపం స్పిండిల్‌లో ఉంటే చప్పుడు ఒకే గుర్రులా వినిపించాలి. నాకు వినిపిస్తున్న దెబ్బలు సెకనుకు నాలుగో ఐదో, దాదాపు వేళ్ల మీద లెక్కపెట్టగలిగేవి. యంత్రం మొత్తంలో అంత నెమ్మదిగా చుట్టు పూర్తిచేసేది బెల్టు ఒక్కటే. తీసి చూస్తే, ఏళ్ల తరబడి కదలకుండా పుల్లీ మీద ఉండిపోయిన చోట అది వంగి గట్టిపడి, వేలితో తడిమితే బొడిపెలా తగిలింది. 180 రూపాయల కొత్త బెల్టుతో అదురు పోయింది. పాత బేరింగులు చేత్తో తిప్పితే ఇప్పటికీ మెత్తగానే తిరుగుతున్నాయి, డబ్బాలో దాచాను.

మూడో ఇబ్బంది నాకు నచ్చినది కూడా. ఉలి కొంచెం గట్టిగా ఆనించగానే స్పిండిల్ తిరుగుతూ ఉండేది, కర్ర మాత్రం ఆగిపోయేది. కర్ర కొసలో గుచ్చుకుని దాన్ని తిప్పే ముళ్ల సెంటరు కర్రలో జారుతోందనుకున్నాను గాని, అది స్పిండిల్‌లోని తన గూటిలోనే జారుతోంది. గూడు నంబర్ 2 మోర్స్ టేపర్, అంటే సుమారు 20కి 1 చొప్పున సన్నబడే రంధ్రం. అందులో సెంటరు పొడవునా ఆనితేనే పట్టు ఉంటుంది. సెంటరు మీద సుద్దతో మూడు నిలువు గీతలు గీసి లోపలికి నెట్టి తీశాను. గీతలు మూతి దగ్గర అరంగుళం మేర మాత్రమే చెరిగాయి. టార్చి వేసి చూస్తే లోపలి గోడకు ఎరుపు, పసుపు పెచ్చులు. గోటితో గీకితే గాజులా విరిగిన ఆ పెచ్చు లక్క! ఈ యంత్రం ఒకప్పుడు లక్క పనికి తిరిగి ఉండాలి. మా జిల్లా పక్కనే వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో, తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కణికను ఒత్తిపెడితే రాపిడి వేడికే అది కరిగి కర్రకు పడుతుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బొమ్మల నునుపంతా అలా వచ్చేదే. ఇక్కడ ఆ లక్కే గూటిలో చేరి గట్టిపడింది. ఇనుప గీకుడు వేస్తే టేపర్ పాడవుతుంది కాబట్టి, ఫ్రెంచ్ పాలిష్ కలిపే స్పిరిట్‌లో గుడ్డ తడిపి, కర్రపుల్లకు చుట్టి, రాత్రంతా లోపల ఉంచాను. పొద్దునకు గుడ్డ ఎర్రబారి బయటికొచ్చింది. నాలుగుసార్లు తుడిచాక సుద్ద గీతలు పొడవునా చెరిగాయి, జారడం ఆగింది.

కర్ర రెండో కొసను పట్టే టెయిల్‌స్టాక్‌ను ముందుకు జరిపి రెండు మొనలనూ కలిపితే 3 మిల్లీమీటర్లు పక్కకు తప్పాయి. హెడ్‌స్టాక్ కింద బెడ్డుకు కూడా పెయింటు వేసి, అది ఆరకముందే బోల్టులు బిగించారు. పెయింటు ముద్దలుగా గడ్డకట్టి హెడ్‌స్టాక్ వంకరగా కూర్చుంది. బ్లేడుతో గీకి బిగిస్తే తేడా ఒక మిల్లీమీటరులోపుకు వచ్చింది, మిగతాది లేత్ వర్క్‌షాపులో టెయిల్‌స్టాక్ కింది కీ (దాన్ని పక్కకు జరగనీయని ముక్క) మార్పించాక 450 రూపాయలతో పోయింది. కోళ్లు మాత్రమే తీసేవారు ఈ ఖర్చు పెట్టనక్కర లేదు, ఉలి చేతిలోనే ఉంటుంది కాబట్టి ఆ తేడా పనిలో తెలియదు. టెయిల్‌స్టాక్ నుంచి రంధ్రం వేసేవారికి మాత్రం తప్పదు. ఎర్త్ వైరు అసలు లేదు, అది మొదటి రోజే వేయించాను.

రవాణా 1,200, టెయిల్‌స్టాక్‌కు వేసిన, కర్రతో పాటు తిరిగే సెంటరు 850 కలుపుకుంటే మొత్తం 19,980 అయింది. బేరింగులు నా తెలివితక్కువ ఖర్చు. బెడ్డు, స్పిండిల్ మాత్రం నిజంగా మంచివి. బరువైన పోత ఇనుము కావడం వల్ల ముడులున్న తుమ్మ కర్రను గుండ్రం చేసేటప్పుడు కూడా కదలదు. లోటు వేగాలలో ఉంది. వ్యాసాన్ని అంగుళాల్లో చుట్లతో గుణిస్తే 6,000 నుంచి 9,000 మధ్య ఉండాలని టర్నర్లు లెక్క వేస్తారు. ఆ లెక్కన 864 చుట్ల కనీస వేగానికి 10 అంగుళాల గిన్నె వరకు సరే. 12 అంగుళాలు తిరుగుతుందని చెప్పి అమ్మారు గాని, అంత చెక్కను ఈ వేగంతో తిప్పడానికి నేను సాహసించను. అందుకు పెద్ద పుల్లీ ఒకటి చేయించాలి. టెయిల్‌స్టాక్ బిగించే పిడి ఇంకా వదులవుతూనే ఉంది. ప్రస్తుతానికి పక్కన ఒక స్పానర్ వేలాడదీసుకుని పని చేస్తున్నాను.