అరవై అయిదు వేల గేమింగ్ పీసీ: మూడేళ్ల వాడకం తర్వాత

ముందు లిస్టు చెప్పేస్తాను. రైజెన్ 5 5600 ప్రాసెసర్, బి550 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్4 3200 ర్యామ్ స్టిక్కులు రెండు, ఏఎండీ రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 550 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే పెట్టె), ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్. 2023 మొదట్లో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) కొన్నాను. జీఎస్టీతో కలిపి దాదాపు 65 వేలు. మానిటర్ ఖర్చు వేరే. ఆడేది మాత్రం ఖమ్మంలో. ఈ ఊరి ఎండ, దుమ్ము, కరెంటు ఈ సమీక్షలో మాటిమాటికీ వస్తాయి, ఎందుకంటే ఏ వీడియోలోనూ వాటి సంగతి నాకు దొరకలేదు.

పీసీ అనగానే అందరూ ప్రాసెసర్ దగ్గర మొదలుపెడతారు. బడ్జెట్ గట్టిగా ఉన్నప్పుడు మొదలుపెట్టాల్సింది మానిటర్ దగ్గర. మీరు చూసేది 1080పీ స్క్రీనా, 1440పీ స్క్రీనా అన్నది తేలితే సగం లిస్టు దానంతటదే తేలిపోతుంది. 1440పీలో పిక్సెల్స్ (తెర మీది చుక్కలు) 1080పీకి దాదాపు 1.8 రెట్లు ఉంటాయి. ఆ భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది, అంటే మన జేబు మీద. నేను 24 అంగుళాల 1080పీ, 165 హెర్ట్జ్ (సెకనుకు 165 సార్లు బొమ్మ మార్చే) ఐపీఎస్ మానిటర్ తీసుకున్నాను. చేతిలో ఉన్న డబ్బులకు మంచి కార్డు, మామూలు రిజల్యూషన్ అన్న లెక్క కుదిరింది. ఇప్పటికీ అదే సరైన లెక్క అంటాను.

ఇక కార్డు. మొత్తం ఖర్చులో మూడో వంతు పైన దీనికే వెళ్లింది, సుమారు 24 వేలు. 2022 సెప్టెంబరులో ఎథీరియం మైనింగ్ ఆగిపోయాక కార్డుల ధరలు మనుషులు కొనేలా దిగొచ్చాయి. అంతకు ముందు ఏడాది ఇదే కార్డు రేటు విని నవ్వుకునేవాళ్లం. సీటీసీలో నేను అడిగిన దుకాణాల్లో ఎక్కువ మంది "ఎన్విడియా తీసుకోండి సార్, రీసేల్ బాగుంటుంది" అన్నారు. అదే డబ్బుకు దొరికే ఆర్‌టీఎక్స్ 3050 మామూలు ఆటల్లో 6600 కంటే వెనకబడుతుంది. 3060 తీసుకుంటే 12 జీబీ మెమరీ వస్తుంది కానీ, ఇంకో ఆరేడు వేలు పెట్టాలి. తక్కువలో పోదామంటే ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ ఉంది. అందులో ఉన్నది 4 జీబీ మెమరీ, వాడేది నాలుగే పీసీఐఈ లేన్లు (కార్డుకూ బోర్డుకూ మధ్య డేటా దారులు), పైగా వీడియో రికార్డు చేసే ఎన్‌కోడర్ కూడా లేదు. అది ఎవరికీ చెప్పను. బ్లెండర్ లాంటి 3డీ సాఫ్ట్‌వేర్లు నేర్చుకునే పిల్లలకైతే ఎన్విడియాయే కొనమంటాను, ఆ పనులకు ఏఎండీ కార్డుతో సుఖం లేదు.

వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివి మానిటర్ చూపించగలిగినంత వేగంగా ఆడతాయి, దాని గురించి చెప్పడానికేం లేదు. సైబర్‌పంక్ 2077లో రే ట్రేసింగ్ (వెలుగు నీడల్ని నిజంలా లెక్కగట్టే పద్ధతి) తీసేసి, సెట్టింగులు మీడియం, హై కలిపి పెడితే సెకనుకు 60 ఫ్రేములకు (ఎఫ్‌పీఎస్) అటూ ఇటూ వస్తుంది. రే ట్రేసింగ్ ఆన్ చేసి చూశాను, వెంటనే ఆఫ్ చేశాను. ఎల్డెన్ రింగ్ ఎలాగూ 60 దాటదు. 2024 చివర్లో వచ్చిన ఇండియానా జోన్స్ ఆట రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేనిదే నడవదు. ఏఎండీ వైపు కనీసం కావాల్సిన కార్డు అని వాళ్లు రాసింది సరిగ్గా ఆర్‌ఎక్స్ 6600. ఏడాది తిరక్కుండానే 'కనీసం' గీతకు దిగిపోలేదు కానీ, ఇప్పుడైతే గీత మీదే నిలబడ్డాం. కొత్త ఆటల్లో టెక్స్‌చర్లు అల్ట్రాలో పెడితే కార్డులోని 8 జీబీ మెమరీ నిండిపోతుంది, ఆట కుదుపులు మొదలవుతాయి. హైలో పెట్టుకుంటే సరిపోతుంది.

2025 అక్టోబరులో ఏఎండీ ఈ కార్డుల తరం డ్రైవర్లను మెయింటెనెన్స్ దారిలోకి, అంటే ముఖ్యంగా లోపాలు సరిదిద్దే దారిలోకి, మళ్లిస్తున్నట్టు చెప్పింది. గోల రేగాక, కొత్త ఆటలకు సపోర్టు ఆగదని వివరణ ఇచ్చుకుంది. నా దగ్గర ఇప్పటికైతే ఏ ఆటా ఆగలేదు. కానీ ఇవాళ కొత్తగా కొనేవాళ్లు ఈ విషయం మనసులో పెట్టుకోవాలి.

ప్రాసెసర్ గురించి పెద్దగా చెప్పను, ఎందుకంటే మూడేళ్లలో దాని గురించి ఆలోచించాల్సిన అవసరమే రాలేదు. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 65 వాట్లు. ఒక్క జాగ్రత్త: 5600, 5600జీ ఒకటి కాదు. జీ ఉన్నదాంట్లో గ్రాఫిక్స్ కూడా ఉంటుంది, కానీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) సగమే, పీసీఐఈ కూడా పాత 3.0. విడిగా కార్డు కొనేవాళ్లకు 5600 మేలు. అయితే కార్డు సర్వీసుకు వెళ్లిందంటే 5600లో డిస్‌ప్లే ఉండదు, స్క్రీన్ నల్లగానే ఉంటుంది. ఇంట్లో పాత కార్డు ఏదైనా ఉంటే పారేయకండి. బడ్జెట్ ఇంకా తక్కువైతే ఇంటెల్ ఐ3 12100ఎఫ్ కూడా మంచి ముక్కే. కోర్లు నాలుగే అయినా ఈ కార్డుకు బాగానే తోడొస్తుంది.

మదర్‌బోర్డు దగ్గర ముందు తరం బి450 తీసుకుంటే రెండు మూడు వేలు మిగిలేవి. రెండు కారణాలతో బి550కి వెళ్లాను. ఆర్‌ఎక్స్ 6600 వాడేది ఎనిమిది పీసీఐఈ లేన్లే, కాబట్టి 4.0 బోర్డులో పూర్తిగా పని చేస్తుంది. పాత 3.0 బోర్డులో కొన్ని ఆటల్లో కొంచెం తగ్గుతుంది. రెండోది, గోడౌన్‌లో ఎప్పటినుంచో ఉన్న బి450 బోర్డుకు బయోస్ (బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయకపోతే 5600 పెట్టినా ఆన్ కాదు. దుకాణంలో చేసిస్తారు కానీ, ఖమ్మం వచ్చాక తెలిస్తే మళ్లీ రైలెక్కాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆడేటప్పుడు ఆనందమిచ్చేది గ్రాఫిక్స్ కార్డు, రాత్రి టెన్షన్ లేకుండా పడుకోనిచ్చేది ఎస్‌ఎంపీఎస్. క్యాబినెట్‌తో పాటు వచ్చే పేరూ ఊరూ లేని ఎస్‌ఎంపీఎస్ మీద 24 వేల కార్డు పెట్టడం ఎంత ధైర్యమో నాకర్థం కాదు. మా వీధిలో వేసవి సాయంత్రాలు అందరూ ఏసీలు వేయగానే వోల్టేజి పడిపోతుంది, కరెంటు పోయి పోయి వస్తుంటుంది. నాలుగున్నర వేల ఎస్‌ఎంపీఎస్, దాని ముందు ఒక యూపీఎస్. గేమ్ ఆడేటప్పుడు మానిటర్‌తో కలిపి మొత్తం వాడకం సుమారు 250 వాట్లు. అందుకే 600 వీఏ చిన్న యూపీఎస్ కూడా ఆట సేవ్ చేసి షట్‌డౌన్ చేసేంత సేపు ఇస్తుంది. అంతకు మించి దాన్నుంచి ఆశించకండి.

క్యాబినెట్ విషయంలో దుకాణాల్లో వేరే లోకం నడుస్తుంది. ముందు గాజు, లోపల ఆర్‌జీబీ ఫ్యాన్లు నాలుగు, చూడ్డానికి పెళ్లిపందిరి. గాజు ముందుంటే గాలి ఎటు నుంచి వెళ్తుందని అడిగితే "పక్కన సందులున్నాయి సార్" అంటారు. జాలీ ఉన్నది తీసుకోండి, రంగు నచ్చకపోయినా సరే. మే నెలలో బయట 44 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసర్‌తో పాటు ఇచ్చే చిన్న కూలర్ మోత భరించలేనంతగా ఉంటుంది. వేడి 80 దాటేది. ఈ ప్రాసెసర్‌కు 90 డిగ్రీల వరకు అనుమతి ఉంది కాబట్టి ప్రమాదమేం కాదు, కానీ హెడ్‌ఫోన్ తీస్తే అమ్మ "మిక్సీ ఎవరు వేశారు" అనేది. మొదటి వేసవి తర్వాత రెండు వేల లోపు టవర్ కూలర్ పెట్టాను, గోల పోయింది. జాలీకి ఉన్న చిక్కల్లా దుమ్ము. ఖమ్మంలో గ్రానైట్ దుమ్ము ఎక్కడైనా చేరుతుంది. ఫిల్టర్ నెలకోసారి కడగాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్లు తిరగకుండా వేలితో పట్టుకోవాలి.

ర్యామ్ కొని బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయకుండా వాడేవాళ్లు ఇంకా ఉన్నారు. 3200కి డబ్బు కట్టి 2400లో నడుపుతుంటారు. నా ర్యామ్ స్టిక్కుల్లో ఒకటి కిందటేడు చివర్లో పోయింది. ఆట మధ్యలో నీలం తెర, ఒక్కోసారి ఊరికే రీస్టార్ట్. స్టిక్కులు ఒక్కొక్కటిగా పెట్టి మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రాం) నడిపితే దొంగ దొరికింది. మామూలప్పుడైతే ఇంకొకటి కొని పడేసేవాణ్ణి. కానీ అప్పటికి ఏఐ సర్వర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు ఆకాశంలో ఉన్నాయి. వారంటీలో ఇద్దామంటే కంపెనీ సర్వీస్ సెంటర్ హైదరాబాద్‌లోనే ఉంది. సీరియల్ నంబరున్న జీఎస్టీ బిల్లు లేకపోతే ముట్టుకోనే ముట్టుకోం అన్నారు. నా బిల్లు మీద నంబర్లు ఉన్నాయి, ఎందుకంటే కొన్నరోజే దుకాణదారుతో కూర్చుని రాయించుకున్నాను. చాలా వారాలు తిప్పించుకుని మార్చిచ్చారు. ఆ వారాలన్నీ 8 జీబీతో నెట్టుకొచ్చాను. బిల్లు లేకుండా వెయ్యి తగ్గిస్తానన్నవాడి దగ్గర కొనకండి.

ఎస్‌ఎస్‌డీ 1 టీబీ సరిపోతుందా అంటే, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఒక్కటే దాదాపు 150 జీబీ. 500 జీబీ మాత్రం వద్దు.

ఇప్పుడు ఇదే లిస్టు కొనొచ్చా? ప్రాసెసర్, బోర్డు కొనొచ్చు. ర్యామ్ ధర చూసుకుని, ఊళ్లో ఎవరైనా పాత డీడీఆర్4 అమ్ముతుంటే మెమ్‌టెస్ట్ నడిపించి తీసుకోండి. కార్డు మాత్రం కొత్త తరానిది చూడండి. నేను ప్రాసెసర్, బోర్డు కదిలించను. ఏఎం5కి (ఏఎండీ కొత్త ప్రాసెసర్ల సాకెట్) వెళ్లాలంటే బోర్డుతో పాటు డీడీఆర్5 కూడా కొనాలి, ఈ ధరల్లో అది కుదరని పని. తర్వాత మార్చేది కార్డు ఒక్కటే, అదీ 200 వాట్ల లోపుదైతే ఈ 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ మీదే నడుస్తుంది.