షార్జాలో వజీరీల హోటల్: తినండి, తిన్నాక కాసేపు కూర్చోండి

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో టైర్ల కొట్ల వెనక సందులో ఒక చిన్న హోటల్ ఉంది. నడిపేవాళ్ళది పాకిస్తాన్‌లోని ఉత్తర వజీరిస్తాన్ జిల్లా, వంటాయనది పక్కనే ఉన్న బన్నూ. అక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువ మంది టాక్సీ, ట్రక్కు డ్రైవర్లే. ఈమధ్య మన జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్ళు కూడా బాగానే కనిపిస్తున్నారు, తక్కువ డబ్బుతో కడుపు నిండుతుంది కాబట్టి.

ముందు తిండి సంగతి. చప్లీ కబాబ్ బాగుంటుంది. సర్వపిండి అంత పల్చగా తట్టి, కచ్చాపచ్చాగా దంచిన ధనియాలు, ఎండు దానిమ్మ గింజలు వేసి, పెద్ద ఇనప పెనం మీద కొవ్వులో వేయిస్తారు, అంచులు కరకరలాడతాయి. కానీ అసలు తినాల్సింది పేందా. పల్చటి రొట్టెలను తుంచి పెద్ద పళ్ళెంలో పరిచి, కోడికూర పులుసు పోసి నాననిచ్చి, పైన ముక్కలు పేర్చి కాగిన నెయ్యి పోస్తారు. విడివిడిగా ప్లేట్లు అడిగితే ఇస్తారు గానీ, అది నలుగురూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని చేత్తో తినే వంటకం. రొట్టెలు తుంచే కుర్రాడు తలెత్తకుండా, మాట్లాడకుండా, అన్నీ ఒకే సైజు ముక్కలు చేస్తుంటాడు, ముక్క పెద్దదైతే మధ్యలో పులుసు పట్టదట. మనకి కారం సరిపోదు, పచ్చిమిరపకాయలు అడగండి, ఇస్తారు. తిన్నాక యాలకులు వేసిన గ్రీన్ టీ కెటిల్‌తో తెచ్చి పెడతారు, దానికి డబ్బు తీసుకోరు.

ఆ టీ తాగుతూ కూర్చోండి అని నేను అందరికీ చెప్తాను. కౌంటర్ దగ్గర కూర్చునే పెద్దాయనని అందరూ చాచా అంటారు, ఉర్దూలో మాట్లాడతాడు, మన హైదరాబాదీ హిందీ బాగానే అర్థమవుతుంది. మాది మీరాన్‌షా (ఉత్తర వజీరిస్తాన్ ముఖ్య పట్టణం) దగ్గర ఊరు అని మొదలుపెడితే గంట తెలియదు. గల్ఫ్‌లో మనవాళ్ళు పఠాన్ అనగానే కోపం, తుపాకీ తప్ప ఇంకేదీ అనుకోరు, నాకది మొదటినుంచీ నచ్చదు. ఆయన చెప్పేది టోచీ నది ఒడ్డున పొలాలు చేసుకునే దావర్ తెగ గురించి, కొండల్లో గొర్రెలు మేపే వజీర్ తెగ గురించి, శవాల్ అడవుల్లో చిల్గోజా (పైన్ చెట్ల గింజలు) కాయలు రాల్చి అమ్ముకునే కుటుంబాల గురించి. 2017 జనాభా లెక్కల్లో ఆ జిల్లా మొత్తం 5 లక్షల 43 వేల మంది.

ఇంతమందిని 2018 దాకా ఏ చట్టంతో పాలించారో ఆయన నోట వినాలి. బ్రిటిష్ వాళ్ళు 1901లో పెట్టిన ఫ్రాంటియర్ క్రైమ్స్ రెగ్యులేషన్. పొలిటికల్ ఏజెంట్ అని ఒక్క అధికారి, కలెక్టరూ ఆయనే, జడ్జీ ఆయనే. పెద్దమనుషుల జిర్గాను కూడా ఆయనే ఎంచుకుంటాడు. ఒకడు తప్పు చేసి పారిపోతే వాడి తెగలో ఎవరినైనా పట్టుకోవచ్చు, కొట్లు మూసెయ్యొచ్చు, ఇళ్ళు కూలగొట్టొచ్చు. "వకీలు లేదు, దలీలు (వాదన) లేదు, అపీలు లేదు" అని వేళ్ళు మడుస్తూ చెప్తాడు చాచా, ఇది అక్కడ ఇంటింటా అనే మాటే. సర్కారు ఇచ్చే భత్యాలు మలిక్‌లకి, అంటే తెగ పెద్దలకి. ఓటు కూడా వాళ్ళకే. మామూలు మనిషి మొదటిసారి ఓటేసింది 1997లో!

నాకు ఇది వింటుంటే మన మన్యం గుర్తొచ్చింది. బ్రిటిష్ వాళ్ళు 1839 చట్టంతో గంజాం, విశాఖ కొండ ప్రాంతాలని మామూలు కోర్టుల పరిధి నుంచి తీసేసి, కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా పెట్టారు. అక్కడా ఇక్కడా అదే పాలకుడు, అదే పద్ధతి. తేడా తర్వాత వచ్చింది. మన ఏజెన్సీలో ఎన్ని లోపాలున్నా 1952 నుంచే ఓటుంది, గిరిజనుల భూమికి 1/70 చట్టం రక్షణ ఉంది. వాళ్ళకి మాత్రం స్వతంత్రం వచ్చాక కూడా పాత చట్టమే ఇంకో 70 ఏళ్ళు నడిచింది. ఇది చాచాకి చెప్తే, మీ దగ్గర కూడానా అని టీ మళ్ళీ పోయించాడు.

2014 జూన్‌లో ఉత్తర వజీరిస్తాన్‌లో తాలిబాన్ల మీద పాకిస్తాన్ సైనిక ఆపరేషన్ మొదలైనప్పుడు లక్షల మంది ఊళ్ళు ఖాళీ చేసి బన్నూకి నడిచారు, కొందరు సరిహద్దు దాటి ఆఫ్ఘనిస్తాన్‌లోని ఖోస్త్ వెళ్ళారు. మీరాన్‌షా బజారు నేలమట్టమైంది, అందులో వీళ్ళ కొట్టు ఒకటి. సర్కారు సాయం కావాలంటే గుర్తింపు కార్డు మీద రెండు చిరునామాలూ వజీరిస్తాన్‌వే ఉండాలన్నారట. చాచా కరాచీలో లారీ నడిపిన రోజుల్లో ఒక చిరునామా కరాచీది రాయించుకున్నాడు, దాంతో సాయం జాబితాలో పేరు ఎక్కలేదు. ఆ పాత కార్డు ఇప్పటికీ పర్సులోనే ఉంది, అంచులు అరిగిపోయి, అయినా తీసి చూపిస్తాడు.

2018 మే నెలలో రాజ్యాంగ సవరణతో ఆ ప్రాంతాన్ని పక్కనున్న ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా రాష్ట్రంలో కలిపారు. ఏజెంట్ పోయి డిప్యూటీ కమిషనర్ వచ్చాడు, ఖాసాదార్లు, అంటే తెగల నుంచి తీసుకున్న కాపలావాళ్ళు, పోలీసుల్లో కలిశారు, 2019 జులైలో మొదటిసారి ప్రొవిన్షియల్ అసెంబ్లీకి ఓటేశారు. మంచిదేనా అంటే హోటల్లోనే రెండు పార్టీలు. కుర్రాళ్ళు మంచిదే, కోర్టుకి వెళ్ళొచ్చు అంటారు. చాచా మాత్రం, భూమి తగువుకి జిర్గాలో నాలుగు కూర్చోవడాలతో తేలేది, ఇప్పుడు వకీలు ఫీజుకే గొర్రెలు అమ్మాలి అంటాడు. నాకు కుర్రాళ్ళ మాటే సరైనదనిపిస్తుంది. అన్న చేసిన తప్పుకి తమ్ముడిని జైల్లో పెట్టే పద్ధతిని ఏ లాభం చూపించి సమర్థిస్తాం?

ఇబ్బందులు కూడా చెప్పాలి. పార్కింగ్ అస్సలు లేదు. ఆడవాళ్ళతో, పిల్లలతో వెళ్తే తెర కట్టిన మూల ఒక్కటే ఉంది, అది నిండితే బయట నిలబడాలి. చేతులు కడుక్కునే చోట సబ్బు అయిపోయి ఉంటుంది. బిల్లు నోటితోనే చెప్తారు, రసీదు అడిగితే ఇస్తారు గానీ ఆలస్యం చేస్తారు. ఒక్క రోజు కూడా ఎక్కువ వసూలు చెయ్యలేదు, అది మాత్రం గట్టిగా చెప్పగలను.

శుక్రవారం నమాజు తర్వాత వెళ్ళకండి, చాచాకి మాట్లాడే తీరిక ఉండదు, కబాబులు కూడా తొందరగా దించేస్తారు. వారం మధ్యలో రాత్రి తొమ్మిది దాటాక బెస్ట్. పేందా కావాలంటే పొద్దున్నే ఫోన్ చేసి చెప్పండి, నలుగురికి తక్కువైతే చెయ్యరు.