తెలుగులో మెడికల్ వీడియో కోర్సు అంటూ డబ్బు కట్టించుకుంటున్నారు, కట్టే ముందు మా ఇంట్లో జరిగింది చదవండి

గుంటూరు, విజయవాడల్లో నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ చదివే పిల్లలకీ, ఇంట్లో షుగరో బీపీయో ఉన్న పెద్దవాళ్లకీ ఇప్పుడు ఒక వీడియో ప్యాకేజీ అంటగడుతున్నారు. పేరు రాయను. "డాక్టర్లు చేసే పరీక్షలు, ప్రొసీజర్లు, మామూలు జబ్బులు, అన్నీ తెలుగులో, 400 వీడియోలు, లైఫ్‌టైమ్ యాక్సెస్" అన్న మాట వినబడితే మీకే తెలిసిపోతుంది. మేం 5,500 రూపాయలు కట్టాం. డబ్బు సంగతి సరే, అందులో ఒక వీడియో నమ్మి మా అమ్మ మా నాన్నకి తిండి తగ్గించేసింది. అది చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

మా చెల్లి విజయవాడలో బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు గుంటూరు బ్రాడీపేటలో ఒక హాల్లో ఉచిత సెమినార్ ఉందంటే ఇద్దరం వెళ్లాం. తెర మీద డెమో వేశారు. ఎవరో విదేశీ డాక్టరు గుండె, ఊపిరితిత్తుల పరీక్ష చేసి చూపిస్తున్నాడు. చేతులు కడుక్కోవడం, పేషెంటు పేరు అడగడం, అనుమతి తీసుకోవడం, స్టెతస్కోపు ఎక్కడెక్కడ పెట్టాలో నిదానంగా చెప్పడం. చాలా బాగుంది, అబద్ధం చెప్పను. చెల్లి నోట్సు కూడా రాసుకుంది. అసలు ధర 14,000, ఈరోజు కట్టేవాళ్లకి మాత్రం 5,500 అన్నారు. చుట్టూ ఉన్న పిల్లలు లేచి క్యూఆర్ కోడ్ దగ్గర నిలబడుతుంటే మేమూ నిలబడ్డాం. యాప్ ప్లే స్టోర్‌లో లేదు, ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోన్‌లో ఎక్కించుకునే ఏపీకే ఫైలు వాట్సాప్‌లో పంపించారు. ఆ ఫైలు చూశాకైనా నాకు బుద్ధి రావాల్సింది.

ఇంటికొచ్చి తెరిస్తే డెమోలో చూసిన వీడియో అలాగే ఉంది. మిగతావాటిలో సగం దాని బాపతే, ఎవరో ఉచితంగా పెట్టిన ఇంగ్లీషు వీడియోలు తెచ్చి, మూలన లోగో మసకచేసి, మిషన్ గొంతుతో తెలుగు పూసినవి. బీపీ చూసే వీడియోలో ఆ గొంతు ఏమందో తెలుసా? "మూత్రాశయం చేతి చుట్టుకొలతలో కనీసం 80 శాతం రావాలి" అంది. చేతికి చుట్టే కఫ్ లోపల గాలి నిండే సంచిని ఇంగ్లీషులో బ్లాడర్ అంటారు, దాన్ని మూత్రాశయం చేసేసింది! పొట్ట పరీక్షలో పాల్పేషన్, అంటే చేత్తో నొక్కి చూడటం, దాన్ని పాల్పిటేషన్ అనుకుని "గుండెదడ" చేసేసింది. "ఇప్పుడు పొట్టను గుండెదడ చేయండి" అంటుంటే చెల్లి, నేనూ పడీపడీ నవ్వుకున్నాం. ఛాతీ నొప్పి వీడియోలో మాత్రం "వెంటనే 999కి ఫోన్ చేయండి" అని వచ్చింది. అది బ్రిటన్ వాళ్ల ఎమర్జెన్సీ నంబరు. మనకు 108 కదా. అప్పుడు కాస్త నవ్వు తగ్గింది.

చెల్లి తిరిగి హాస్టల్‌కి వెళ్లిపోయింది. యాప్ నా ఫోన్‌లోనే ఉంది. ఒక రోజు అమ్మ దాన్ని టీవీకి కలపమంది. నాన్నకి ఎనిమిదేళ్లుగా షుగర్, పొద్దున్న గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుంటారు. అందులోని షుగర్ వీడియోలో "భోజనానికి ముందు షుగర్ 4 నుంచి 7 మధ్య ఉండాలి" అని చెప్పారు. మన గ్లూకోమీటరు మిల్లీగ్రాముల్లో చూపిస్తుంది, బ్రిటన్‌లో మిల్లీమోల్స్‌లో చూస్తారు. వాళ్ల అంకెను 18తో హెచ్చిస్తే మన అంకె వస్తుంది. 4 అంటే మనకు 72, 7 అంటే 126. ఆ ఒక్క మాట వీడియోలో లేదు. ఆ ముందు వారమే వచ్చిన హెచ్‌బీఏ1సీ రిపోర్టులో నాన్నకి 7.4 అని ఉంది. అది మూడు నెలల సగటును శాతంలో చెప్పే వేరే పరీక్ష. అమ్మ రెండూ కలిపేసుకుంది. 7 దాటకూడదన్నారు, ఈయనకి దాటింది, నాతో ఒక మాటైనా అనకుండా తిండి తగ్గించేసింది. మూడు ఇడ్లీలు ఒకటయ్యాయి, మధ్యాహ్నం అన్నం ఆగిపోయింది. మాత్ర మాత్రం మామూలే.

మూడో రోజు పన్నెండు గంటలకి నాన్నకి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. అమ్మ "బీపీయేమో" అంటోంది. నేను చెల్లికి ఫోన్ చేశాను. "అన్నయ్యా, ముందు షుగర్ చూడు" అంది. 58. "నాన్న మింగగలుగుతున్నారా? అయితే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించు, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడు" అంది. 70 కంటే తగ్గితే చేయాల్సింది అదేనట, సుమారు 15 గ్రాముల తీపి, 15 నిమిషాలకి మళ్లీ పరీక్ష. రెండోసారి 84 వచ్చింది. తర్వాత అన్నం పెట్టాం. సాయంత్రం కొత్తపేటలో మా డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తే, "ఎవరు చెప్పారమ్మా తిండి మాన్పించమని?" అన్నారు. "టీవీలో చూశానండీ" అంది అమ్మ. తిండికి ముందు నాన్నకి వచ్చిన 118 వాళ్ల లెక్కలో 6.6 అని, అంటే బాగానే ఉందని, ఆయన కాగితం మీద 18తో భాగించి చూపించారు. ఆ మాత్ర వేసుకుని తిండి మానితే షుగర్ పడిపోతుందని అమ్మకి అప్పుడు అర్థమైంది. పాపం, రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

దొంగిలించిన వీడియోలు అలా ఉంటే, వాళ్లు సొంతంగా తీసినవి ఇంకో రకం. తెల్లకోటు వేసుకున్న ఒకాయన పొట్ట పరీక్ష నేర్పుతాడు. స్టెతస్కోపు చెవి గొట్టాలు వెనక్కి తిరిగి ఉన్నాయి, అవి ముక్కు వైపు ముందుకు ఉండాలి. ఆయన చెప్పిన వరస: చూడు, నొక్కు, తట్టు, చివర్లో విను. చెల్లి ఇంటర్నల్ ప్రాక్టికల్స్‌లో అదే వరస చెప్పింది, మార్కులు పోయాయి. మిగతా శరీరానికి ఏమో గానీ, వాళ్ల నర్సింగ్ పాఠం ప్రకారం పొట్టకి చూడగానే వినాలి, ఆ తర్వాతే తట్టడం, నొక్కడం. ముందే నొక్కితే పేగుల చప్పుడు మారిపోవచ్చంటారు. ఫిట్స్ వీడియోలో అయితే చేతిలో తాళాలగుత్తి పెట్టమన్నారు! మా తాతయ్య కూడా అదే చెప్పేవాడు, ఆయనకి 5,500 ఇవ్వలేదు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, తాళాలతో పనేమీ లేదు.

కోర్సు చివర సర్టిఫికెట్ ఇస్తారు, "ప్రభుత్వ గుర్తింపు" అని పైన రాసి ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో ఉన్నది ఉద్యమ్ రిజిస్ట్రేషన్ నంబరు. అది ఎవరైనా చిన్న వ్యాపారం పెట్టుకున్నట్టు నమోదు చేయించుకునేది, టిఫిన్ సెంటరుకీ వస్తుంది. దాన్ని పట్టుకుని ఆసుపత్రిలో ఉద్యోగానికి వెళ్తే నవ్వుతారు.

డబ్బు వెనక్కి అడిగితే "పది శాతం కంటే ఎక్కువ చూశారు సార్, పాలసీ ఒప్పుకోదు" అన్నారు. ఆ పాలసీ కట్టేటప్పుడు ఎవరూ చూపించలేదు. నాలుగోసారి నుంచి ఫోన్ ఎత్తడం మానేశారు. బిల్లు అని వాట్సాప్‌లో పంపిన బొమ్మలో జీఎస్టీ నంబరు లేదు, అడ్రసు విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర. పనిగట్టుకుని గుంటూరు నుంచి వెళ్తే అక్కడ జిరాక్స్ షాపు ఉంది. ఆ షాపాయన "మీరు ఈ నెలలో ఆరో మనిషండీ" అన్నాడు. చెల్లి ఫ్రెండ్ పరిస్థితి ఇంకా అన్యాయం. నెలవారీ కట్టొచ్చంటే ఆధార్, పాన్, ఓటీపీ ఇచ్చింది, తీరా చూస్తే వాళ్ల నాన్న పేరు మీద అప్పు. కట్టడం ఆపితే, బ్యాంకులు అప్పిచ్చే ముందు చూసే ఆయన సిబిల్ స్కోరు పాడవుతుంది.

నేను 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు ఇచ్చారు. వారం తిరక్కుండా కంపెనీ నుంచి ఫోన్, సగం ఇస్తాం, ఎక్కడా రాయొద్దు అని. ఒప్పుకోలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయబోతున్నాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి, లాయరు ఉండి తీరాలని లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేసుకోవచ్చు. ఆ ఏపీకే పెట్టుకున్నాక ఎవరి ఖాతాలోంచైనా డబ్బు కదిలితే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

ఇలాంటిదేదైనా కొనాలనుకుంటే, వాళ్లు ఎంచి చూపించే డెమో చూసి మోసపోకండి. మీకు ముందే బాగా తెలిసిన విషయం ఒకటి మీరే అడిగి, ఆ వీడియో అక్కడే వేయించుకోండి. సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కడం, అడగండి. పెద్దవాళ్లకి నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, 30 నొక్కులకి 2 శ్వాసలు అని రావాలి. షుగర్ అడగండి, ఏ లెక్కలో చెబుతున్నారో చూడండి. మాట్లాడేది ఎవరు, ఏం చదివారు, ఎప్పుడు తీశారు అని అడిగితే తడుముకుంటే లేచి వచ్చేయండి. చెల్లి ఇప్పుడు గీకీ మెడిక్స్ అనే బ్రిటన్ వాళ్ల వీడియోలు యూట్యూబ్‌లో ఉచితంగా చూస్తోంది. మా డబ్బులతో కొన్న వీడియోల్లో కొన్ని అసలు అక్కడివే. ఇంగ్లీషే, అంకెలు వాళ్లవే, అందుకని పక్కన క్లాసు నోట్సు పెట్టుకుని సరిచూసుకుంటుంది, కాలేజీ స్కిల్ ల్యాబ్‌లో బొమ్మ మీద చేసి మేడమ్‌కి చూపిస్తుంది. అమ్మకి మాత్రం డాక్టరు గారు చీటీ మీద రాసిచ్చిన రెండు అంకెలు చాలు, ఫ్రిజ్ మీద అంటించింది.

యాప్ తీసేద్దామంటే చెల్లి వద్దంది, సాక్ష్యం పోతుందట. ఆ షుగర్ వీడియో, తాళాలగుత్తి వీడియో రెండూ స్క్రీన్ రికార్డు చేసి పెట్టుకున్నాను. బ్రాడీపేట సెమినార్‌కి వచ్చినవాళ్లుంటే పేమెంట్ స్క్రీన్‌షాట్, వాట్సాప్ చాట్ చెరపకుండా నాకు చెప్పండి, కేసు కలిసి వేద్దాం.