ఫైళ్లు ఒక్కటే వెనక్కి వస్తే చాలదు: ఇంటి కంప్యూటర్‌కి వీమ్ ఏజెంట్ ఫ్రీ రివ్యూ

ఇంట్లో డీటీపీ పని చేసుకునేవాళ్లు, పిల్లల ఫొటోలు, పెళ్లి వీడియోలు అన్నీ ఒకే హార్డ్ డిస్క్‌లో పెట్టుకున్నవాళ్లు ఇది కాస్త ఓపిగ్గా చదవండి. వీమ్ ఏజెంట్ ఫర్ మైక్రోసాఫ్ట్ విండోస్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్ ఉచిత ఎడిషన్‌ని చాలాకాలంగా వాడుతున్నాను. దానితోపాటు విండోస్‌లోనే ఉండే ఫైల్ హిస్టరీని కూడా ఆన్ చేసి ఉంచాను. రెండిటికీ పైసా కట్టక్కర్లేదు, రెండూ మంచివే, కానీ రెండూ చేసే పని వేరు. ఈ తేడా తెలియక చాలామంది ఏదో ఒకటి పెట్టుకుని ధీమాగా ఉంటారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఫైల్ హిస్టరీ సంగతి. ఇది విండోస్ 8 నుంచీ ఉంది, కానీ మనం ఆన్ చేస్తే తప్ప పనిచేయదు. విండోస్ 11లో కొత్త సెట్టింగ్స్‌లో దీనికి పేజీ లేదు, పాత కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లాలి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తగిలించి ఆన్ చేస్తే, మనం వేరేగా చెప్పకపోతే గంటకోసారి మారిన ఫైళ్లన్నిటినీ కాపీ చేస్తుంది, పాత వెర్షన్లను కూడా ఉంచుతుంది. శుభలేఖ మ్యాటర్ పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా, మళ్లీ సాయంత్రం "పొద్దున చూపించిందే బాగుందండీ" అనే పార్టీలతో పనిచేసేవాళ్లకి ఇది నిజంగా వరం. వెనక్కి వెళ్లి పొద్దుటి వెర్షన్ చూసుకుని, కింద ఉన్న ఆకుపచ్చ గుండ్రటి బటన్ నొక్కితే ఫైలు పాత చోటికే వచ్చేస్తుంది. ఆ హార్డ్ డిస్క్‌ని వేరే కంప్యూటర్‌కి తగిలించి నేరుగా తెరిచినా ఫైళ్లు మామూలుగానే కనిపిస్తాయి, పేరు చివర తేదీ, టైము ఉంటాయి. ఆ టైము యూటీసీలో ఉంటుంది, అంటే మన టైముకి ఐదున్నర గంటలు వెనక. పదకొండింటికి సేవ్ అయిన కాపీ మీద ఐదున్నర అని ఉంటే కంగారుపడకండి.

అయితే మన ఇళ్లలో దీనితో వచ్చే అసలు చిక్కు డీ డ్రైవ్. షాపులో కంప్యూటర్ అసెంబుల్ చేయిస్తే డిస్క్‌ని సీ, డీ, ఈ అని ముక్కలు చేసి ఇస్తారు, "సీలో ఏమీ పెట్టకండి, అన్నీ డీలో పెట్టుకోండి" అని చెప్తారు. ఫైల్ హిస్టరీ చూసేది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి లైబ్రరీలను మాత్రమే. డీలో ఉన్న మీ పని ఫోల్డర్‌ని రైట్ క్లిక్ చేసి లైబ్రరీలో చేర్చకపోతే అందులో ఒక్క ఫైలు కూడా కాపీ కాదు, కాలేదని చెప్పదు కూడా. ఇంకో మాట, సీలోవి డీలోకి కాపీ చేసుకోవడం బ్యాకప్ కాదండీ. ఆ రెండూ ఒకే డిస్క్ మీద ఉంటే, డిస్క్ పోయిన రోజు రెండూ కలిసే పోతాయి.

ఇప్పుడు వీమ్ ఎందుకో చెప్తాను. తెలుగు డీటీపీ చేసేవాళ్లలో ఎంతోమంది ఇప్పటికీ పేజీలు దిద్దే పాత ప్రోగ్రామ్ పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీదే ఉన్నారు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లలోనూ అక్షరాలు ఒకేలా గుర్తించే పద్ధతి) కావు, కాబట్టి ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఫాంట్లు ఉండేది విండోస్ ఫోల్డర్‌లో, కీబోర్డ్ ప్రోగ్రామ్ ఇంకో చోట, ప్రింటర్ సెట్టింగ్స్ మరో చోట. ఫైల్ హిస్టరీ వీటిలో దేన్నీ ముట్టుకోదు. మీ ఫైళ్లన్నీ భద్రంగా వెనక్కి వస్తాయి, కానీ వాటిని తెరిచి పనిచేసే కంప్యూటర్ మాత్రం రాదు. పాత సీడీలు వెతికి, అన్నీ మళ్లీ ఎక్కించి, కీబోర్డ్ లేఅవుట్ సరిచేసుకునేసరికి ఎంత టెన్షనో ఆ పని చేసినవాళ్లకి తెలుసు.

వీమ్ మొత్తం కంప్యూటర్‌ని ఇమేజ్‌గా, అంటే డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టే ఒక కాపీగా తీస్తుంది. విండోస్, ప్రోగ్రాములు, ఫాంట్లు, సీ, డీ అన్నీ వస్తాయి. ఈమెయిల్ ఇచ్చి రిజిస్టర్ చేసుకుని డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఇన్‌స్టాల్ చేశాక "ఎంటైర్ కంప్యూటర్" ఎంచుకుని, ఎక్స్‌టర్నల్ డిస్క్ చూపిస్తే మిగతాది అదే చేసుకుపోతుంది. మొదటిసారి చాలాసేపు పడుతుంది, ఆ తర్వాత మారిన భాగాలను మాత్రమే తీసుకుంటుంది కాబట్టి త్వరగా అయిపోతుంది. నాకు బాగా నచ్చినవి రెండు. ఒకటి, డిస్క్ తగిలించగానే బ్యాకప్ దానంతటదే మొదలయ్యేలా పెట్టుకోవచ్చు, కరెంటు ఎప్పుడుంటుందో తెలియని ఊళ్లలో రాత్రి ఫలానా టైముకి అని పెట్టుకోవడం కంటే ఇదే నయం. రెండోది, బ్యాకప్ అవగానే డిస్క్‌ని ఎజెక్ట్ చేసే ఆప్షన్. ఎప్పుడూ తగిలించి ఉన్న డిస్క్‌ని కూడా ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వదలదు, కాబట్టి ఈ టిక్కు తప్పకుండా పెట్టండి, పని అయ్యాక కేబుల్ కూడా తీసేయండి.

రిస్టోర్ చూడకుండా బ్యాకప్‌కి మార్కులు వేయకూడదని నా అభిప్రాయం. అందుకే కావాలనే పాత డిస్క్ ఊడదీసి, ఖాళీ ఎస్ఎస్‌డీ పెట్టి చూశాను. వీమ్‌తో ముందే చేసి ఉంచుకున్న రికవరీ పెన్ డ్రైవ్‌తో (డిస్క్‌లో విండోస్ లేకపోయినా కంప్యూటర్‌ని ఆన్ చేసేది) బూట్ చేసి, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోని బ్యాకప్ చూపించి, "బేర్ మెటల్ రికవరీ", అంటే ఖాళీ డిస్క్ మీదకి మొత్తం తిరిగి ఎక్కించడం, ఎంచుకున్నాను. సాయంత్రం మొదలుపెడితే భోజనాల వేళకి అయిపోయింది. రీస్టార్ట్ చేస్తే అదే డెస్క్‌టాప్, అవే ఐకాన్లు. పేజ్‌మేకర్ తెరిస్తే అను ఫాంట్లతో పేజీ యథాతథంగా ఉంది, తెలుగులో పేర్లు పెట్టిన ఫోల్డర్లు కూడా చెక్కుచెదరలేదు. ఆ క్షణం కలిగిన నిశ్చింత మాటల్లో చెప్పలేను. మొత్తం కాకుండా ఒక్క ఫైలే కావాలన్నా ఇమేజ్ లోపల వెతికి తీసుకోవచ్చు.

లోపాలూ ఉన్నాయి. ఉచిత ఎడిషన్‌లో ఒక్క బ్యాకప్ జాబే (ఏది, ఎక్కడికి, ఎప్పుడు కాపీ చేయాలో చెప్పే సెట్టింగ్) పెట్టుకోగలం. స్క్రీన్ల మీద ఉండే మాటలు ఆఫీసు సిస్టమ్స్ చూసేవాళ్ల కోసం రాసినట్టు ఉంటాయి, ఇంట్లో పెద్దవాళ్లకి పక్కన ఎవరైనా కూర్చుని ఒకసారి సెట్ చేసి ఇవ్వాలి. ఫోల్డర్లను మాత్రమే తీసే మోడ్ ఉంది గానీ నెమ్మది, ఆ పనికి ఫైల్ హిస్టరీయే మేలు. ఖర్చంతా ఎక్స్‌టర్నల్ డిస్క్‌దే, మీ డేటా కంటే కనీసం రెట్టింపు సైజుది కొనండి.

ఇలాగే ఇమేజ్ తీసే, ఇంతకుముందు చాలామంది వాడిన మ్యాక్రియమ్ రిఫ్లెక్ట్ ఫ్రీకి 2024 జనవరితో సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆగిపోయాయి, ఇంకా దాని మీదే ఉంటే మారండి. విండోస్ బ్యాకప్ అనే కొత్త యాప్ ఫైళ్లను వన్‌డ్రైవ్‌లోకి పంపుతుంది, అందులో ఉచితంగా వచ్చేది 5 జీబీ, పెళ్లి ఆల్బమ్ ఒక్కటీ పట్టదు. పైగా అది ఇమేజ్ తీయదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది, ఇప్పుడు 11కి మారుతున్నవాళ్లు మారకముందే ఒక పూర్తి ఇమేజ్ తీసి పక్కన పెట్టుకోవడం చాలా అవసరం.

రికవరీ పెన్ డ్రైవ్‌ని ఇన్‌స్టాల్ చేసిన రోజే తయారు చేయండి. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఖాళీది వాడండి. బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాని లాక్ చేసే విండోస్ సదుపాయం) ఉన్న కంప్యూటర్లలో ఇంకో జాగ్రత్త: విండోస్ నడుస్తుండగా తీసిన ఇమేజ్‌లో డేటా లాక్ లేకుండానే ఉంటుంది, ఆ డిస్క్ ఎవరి చేతికి చిక్కినా చదివేయగలరు. వీమ్‌లోనే బ్యాకప్‌కి పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, పెట్టుకోండి. కానీ దాన్ని కంప్యూటర్‌లో కాకుండా ఇంట్లో డైరీలో రాసి ఉంచండి, మర్చిపోతే ఆ బ్యాకప్ ఇక తెరుచుకోదు.